పొగ తీసేస్తే మిగిలే రుచి: వూయీ కొండల బ్లాక్ టీని కాచడం, రుచి చూడడం

లాప్‌సాంగ్ సూచాంగ్ అనగానే టీ సంగతులు తెలిసినవారికి ముందుగా గుర్తొచ్చేది పొగ. పైన్ కట్టెల మంట మీద ఆరిన ఆ ఆకు డబ్బా మూత తీస్తే చాలు, గదంతా కట్టెల పొయ్యి వాసన కమ్ముకుంటుంది. అయితే అవే కొండల్లో, అవే పొదల నుంచి కోసిన ఆకుతో, పొగ సోకనివ్వకుండా తయారుచేసే టీ కూడా ఒకటుంది. చైనాలో జెంగ్‌షాన్ షియావోజోంగ్ అని పిలిచే ఈ బ్లాక్ టీలో పొగ లేని రకానికి గత ఇరవై ఏళ్ళలో ఆ దేశంలోనే గిరాకీ బాగా పెరిగింది. బయటి దేశాల్లో మాత్రం చాలామంది దీన్ని పొగ లోపించిన లాప్‌సాంగ్‌గా, అంటే ఏదో తక్కువైన సరుకుగా చూస్తారు. ఈ చూపు సరైనది కాదు. పొగ ఉన్నప్పుడు ఆకు గురించి అడగవలసిన ప్రశ్నల్లో సగం ఆ పొగ వెనకే ఉండిపోతాయి. పొగ తీసేశాక ఆకు ఎక్కడ పెరిగింది, ఎంత లేతగా కోశారు, ఎంత ఓపికగా వాడ్చారు అన్నవన్నీ కప్పులో తెలిసిపోతాయి. కాచినవారి పొరపాట్లు కూడా అంతే స్పష్టంగా బయటపడతాయి. అందువల్ల ఈ టీ విషయంలో కాచడం, రుచి చూడడం అనేవి రెండు వేరువేరు పనులు కావు. నీటి వేడిని, ఆకు తూకాన్ని, నానబెట్టే సమయాన్ని ఎలా మార్చితే ఆకులోని ఏ గుణం పైకి వస్తుందో తెలిసినప్పుడే ఆ రుచి గురించి తీర్పు చెప్పగలం.

ఈ టీ స్వస్థలం చైనా ఆగ్నేయ తీరంలోని ఫుజియాన్ రాష్ట్రానికి వాయవ్య మూలన, జియాంగ్‌షీ రాష్ట్ర సరిహద్దును ఆనుకుని ఉన్న వూయీ పర్వతాలు. అందులోనూ తొంగ్‌మూ అనే గ్రామం, దాని చుట్టుపక్కల లోయలు. 1979లో ఈ ప్రాంతాన్ని ప్రకృతి సంరక్షణ క్షేత్రంగా ప్రకటించారు. 1999లో వూయీ పర్వతాలకు యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. బయటివారి రాకపోకల మీద అక్కడ ఇప్పటికీ ఆంక్షలున్నాయి. మనం ఫొటోల్లో చూసే అస్సాం, మున్నార్ తోటల్లా కత్తిరించిన పొదలు వరుసలుగా కొండంతా పరుచుకుని ఉండవు. వెదురు వనాల అంచుల్లో, వాగుల పక్కన, అడవి మధ్య చిన్న చిన్న చెక్కల్లో పొదలు పెరుగుతాయి. వాటిలో ఎక్కువ భాగం కొమ్మ నాటి పెంచినవి కావు, విత్తనం నుంచి మొలిచిన స్థానిక చిన్నాకు రకం పొదలు. విత్తనపు మొక్క కాబట్టి ఏ పొద గుణం దానిదే. ఒకే మాతృమొక్క నుంచి పుట్టిన పొదలున్న తోటలో ఆకంతా ఒకే తీరుగా ఉంటే, ఇక్కడ ఒక బుట్టలో పడిన ఆకులోనే కొన్ని ముందు వాడిపోయేవి, కొన్ని ఆలస్యంగా రంగు మారేవి, కొన్ని పూల వాసన ఎక్కువగా ఇచ్చేవి కలిసి ఉంటాయి. ఈ టీ రుచి ఒక్క మాటలో తేలకుండా పొరలు పొరలుగా విచ్చుకోవడానికి ఈ కలగలుపు ఒక ముఖ్య కారణం. ఎత్తు వల్ల చలి ఎక్కువ, చిగురు ఆలస్యం. ఏప్రిల్ నెలాఖరు, మే నెలల్లో కోత సాగుతుంది. తొంగ్‌మూలో సాధారణంగా ఏడాదికి ఈ వసంతపు కోత ఒక్కటే.

పొగ ఎందుకు వచ్చిందో తెలిస్తే, పొగ లేకుండా చేయడం ఎంత కష్టమో అర్థమవుతుంది. ఆ లోయల్లో కోత కాలమంతా వాన, మంచు. కోసిన ఆకును ఎండలో వాడ్చే వీలు ఉండేది కాదు. అందుకని రెండు మూడు అంతస్తుల చెక్క కట్టడాలు కట్టి, కింద పైన్ కట్టెలు మండించేవారు. ఆ వేడి, దానితోపాటు పొగ, అంతస్తుల మధ్య సందుల గుండా పైకి పాకి, పై అంతస్తులో పరిచిన పచ్చి ఆకును వాడ్చేవి, కింది అంతస్తులో నలిపిన ఆకును ఆరబెట్టేవి. మింగ్ వంశపు పాలన ముగిసే రోజుల్లో ఒక సైనిక దళం ఊళ్ళో మకాం వేయడంతో ఆకు పని ఆగిపోయిందని, అలా ఎర్రబడిన ఆకును పారేయలేక పైన్ మంట మీద ఆరబెట్టి అమ్మారని అక్కడివారు కథగా చెప్పుకుంటారు. కథ సంగతి ఎలా ఉన్నా, చెట్టు అందుబాటులో ఉండటం, ఎండ అందుబాటులో లేకపోవడం ఈ పద్ధతికి సరిపోయినంత కారణాలు. పదిహేడో, పద్దెనిమిదో శతాబ్దాల్లో ఐరోపాకు వెళ్ళిన వూయీ టీకి బోహియా అనే పేరు స్థిరపడింది. 1773లో అమెరికాలోని బోస్టన్ రేవులో, బ్రిటిష్ పన్నుకు నిరసనగా సముద్రం పాలు చేసిన టీలో అధిక భాగం బోహియాయే.

ఈ పరిస్థితి మారడానికి మలుపు 2005. ఆ ఏడాది తొంగ్‌మూలో కేవలం మొగ్గలతో, పొగ సోకకుండా, జిన్ జున్ మెయ్ అనే కొత్త టీని తయారుచేశారు. అర కిలో టీకి వేల కొద్దీ మొగ్గలు చేత్తో గిల్లవలసిన ఆ టీ ధర, పేరు చైనా నగరాల్లో అనూహ్యంగా పెరిగాయి. అంతవరకు ప్రధానంగా ఎగుమతి కోసమే పొగబెట్టిన టీ చేస్తూ వచ్చిన కుటుంబాలు, మొగ్గతో పాటు ఒకటి రెండు ఆకులు కలిసిన కోతను కూడా పొగ లేకుండా చేస్తే తమ దేశంలోనే అమ్ముకోవచ్చని గ్రహించాయి. అదే సమయంలో సంరక్షిత అడవిలో పైన్ చెట్లను కొట్టడం మీద, బయటి నుంచి పైన్ కట్టెలు తేవడం మీద నియంత్రణలు బిగిశాయి. ఐరోపా సమాఖ్య టీలో ఆంత్రాక్వినోన్ అనే పదార్థం కిలోకు 0.02 మిల్లీగ్రాములు దాటకూడదని పరిమితి పెట్టింది. కట్టెల పొగ వల్ల ఆకులో చేరే పదార్థాల్లో అదొకటి కాబట్టి సంప్రదాయ పొగ టీకి ఎగుమతి మార్గం ఇరుకైంది. ఇంత చెప్పడం పొగ టీని చిన్నబుచ్చడానికి కాదు. తొంగ్‌మూలో నెమ్మదిగా పొగబెట్టిన మంచి టీలో తారు వాసన ఉండదు. లిచీని పోలిన లాంగన్ అనే పండు ఎండినప్పటి తీపిని తలపించే లోతు ఉంటుంది. ముతక ఆకుకు దట్టంగా పొగ పట్టించి, తొంగ్‌మూ బయట చేసి, అదే పేరుతో అమ్మే సరుకు వేరు. చైనా జాతీయ ప్రమాణాలు కూడా వీటిని రెండు వేరు తరగతులుగానే చూస్తాయి.

పొగ లేనప్పుడు వాసన, రుచి ఎక్కడి నుంచి వస్తాయి? కోసిన ఆకును గంటల తరబడి పలుచగా పరిచి వాడ్చినప్పుడు నీరు తగ్గడమే కాదు, ఆకు కణాల్లో చక్కెరలకు అతుక్కుని ఉన్న సుగంధ పదార్థాలు ఎంజైముల వల్ల విడిపోవడం మొదలవుతుంది. లినలూల్, జెరానియాల్ వంటివి పూల వాసననిస్తాయి. అమైనో ఆమ్లాల నుంచి పుట్టే ఫినైలాసెటాల్డిహైడ్ తేనె వాసననిస్తుంది. తర్వాత ఆకును నలిపి చుట్టినప్పుడు కణాలు చిట్లి, పాలీఫీనాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము, గాలి, కాటెచిన్లు అనే ఆకులోని వగరు పదార్థాలు ఒకచోట కలుస్తాయి. కాటెచిన్లు ముందు థియాఫ్లేవిన్లుగా, ఆపై థియారుబిజిన్లుగా మారతాయి; ఆక్సీకరణ అంటే ఇదే. మొదటివి డికాషన్‌కు మెరుపును, నాలుక మీద చురుకును ఇస్తే, రెండోవి ఎరుపును, నిండుదనాన్ని ఇస్తాయి. చివరగా ఆరబెట్టేటప్పుడు తగిలే వేడి ఈ మార్పును ఆపి, చక్కెరలు అమైనో ఆమ్లాలతో కలిసి కమ్మని వాసన పుట్టేలా చేస్తుంది. ఇందులో ఏ దశ తప్పినా కప్పులో దాని గుర్తు ఉంటుంది. సరిగా వాడని ఆకు పచ్చి వాసన వేస్తుంది, గరుకుగా తగులుతుంది. ఆక్సీకరణ మరీ సాగినా, తడి ఆకును కుప్పగా ఎక్కువసేపు వదిలేసినా పులుపు వస్తుంది. చివరి వేడి మితిమీరితే కమురు వాసన తప్ప మరేదీ మిగలదు. పొగబెట్టిన టీలో గ్వాయకాల్ వంటి పొగ పదార్థాల జోరులో పచ్చివాసన, పులుపు చాలావరకు కలిసిపోతాయి. పొగ లేని టీకి ఆ అండ లేదు.

తెలుగు పాఠకులకు ఇక్కడ ఒక అలవాటు అడ్డు పడే అవకాశం ఉంది. మన ఇళ్ళలో, హోటళ్ళలో తాగేది ఎక్కువగా సీటీసీ టీపొడి. 1930ల ఆరంభంలో అస్సాంలో విలియం మెకెర్చర్ రూపొందించిన యంత్రంతో, ఆకును నలగ్గొట్టి, చించి, గుండ్రని పలుకులుగా చుట్టే పద్ధతి అది. పలుకు చిన్నది, కణాలన్నీ చిట్లినవి, కాబట్టి నీటిలో పడగానే రంగు, వగరు ఒక్కసారిగా దిగుతాయి. హైదరాబాదు ఇరానీ హోటళ్ళలో మూత బిగించి గంటల తరబడి మగ్గించే డికాషన్ అంత చిక్కగా వచ్చేది అందుకే. ఆ చిక్కదనాన్ని పాలలోని కేసిన్ ప్రోటీను పట్టి ఉంచి, వగరును తగ్గిస్తుంది. ఆ టీకి ఆ పద్ధతి సరైనదే. అయితే ఆ అలవాటు వల్ల చిక్కదనమే నాణ్యత అన్న కొలత మనసులో స్థిరపడిపోతుంది. పొగ లేని జెంగ్‌షాన్ షియావోజోంగ్‌ను ఆ కొలతతో చూస్తే పలుచగా, రంగు నీళ్ళలా అనిపిస్తుంది. పాలు కలిపితే దాని సన్నని వాసనలన్నీ పాల కొవ్వులో, ప్రోటీనులో చిక్కుకుని కనబడకుండా పోతాయి. ఇక్కడ వెతకవలసింది చిక్కదనాన్ని కాదు. వాసన ఎంత శుభ్రంగా ఉంది, తీపి ఎంతసేపు నిలుస్తుంది, అదే ఆకు మీద మళ్ళీ మళ్ళీ నీళ్ళు పోసి కాస్తే ఎన్ని విడతల దాకా ఆగుతుంది అన్నవాటిని.

రుచి చూడడం పొడి ఆకుతోనే మొదలవుతుంది. మంచి ఆకు సన్నగా, గట్టిగా మెలిపడి, నల్లగా నూనె రాసినట్టు మెరుస్తూ, అక్కడక్కడ బంగారు రంగు మొగ్గలతో ఉంటుంది. ఆకులన్నీ ఒకే పొడవు కానక్కర్లేదు కానీ పుల్లలు, పొడి, పసుపు ఆకు ముక్కలు ఎక్కువగా ఉండకూడదు. తొంగ్‌మూ మొగ్గ చిన్నది, నలుపు బంగారం కలిసిన రంగుది. ఆకంతా లావుగా, నిండు బంగారు రంగులో మెరిసిపోతుంటే అది ఎక్కువగా యునాన్ రాష్ట్రపు పెద్దాకు రకం మొగ్గ అయి ఉంటుంది. అది చెడ్డ టీ అని కాదు, చెప్పిన చోటిది కాదని అర్థం. తర్వాత వేడి నీళ్ళతో కడిగిన ఖాళీ పాత్రలో పొడి ఆకు వేసి, మూత పెట్టి, కొన్ని క్షణాలు ఆగి వాసన చూడాలి. పాత్ర వేడికి ఆకు మేల్కొని, తేనె, ఎండు ఖర్జూరం, ఉడికించిన చిలగడదుంప వాసనలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. పాత సరుకైతే ఇక్కడే అట్టపెట్టె వాసన పట్టిస్తుంది. నీళ్ళు పోయకముందే టీ గురించి సగం తెలిసేది ఈ దశలోనే కాబట్టి దీన్ని దాటవేయకూడదు.

కప్పులో డికాషన్ రంగు నారింజ, ఎరుపుల మధ్య, అంచున బంగారు రంగు వలయంతో, అడుగు కనబడేంత తేటగా ఉండాలి. గోధుమ రంగుకు తిరిగిన మసక డికాషన్ అతి ఆక్సీకరణకో, పాతదనానికో, నీటి దోషానికో సూచన. తాగేటప్పుడు మర్యాద పక్కన పెట్టి, గాలితో కలిపి చప్పుడయ్యేలా పీల్చాలి. అలా పీల్చిన తుంపర నోరంతా పరుచుకుని, వాసన గొంతు వెనక నుంచి ముక్కుకు చేరుతుంది. టీ రుచిలో పెద్ద భాగం నిజానికి ఈ వెనుకదారి వాసనే. చేదును, వగరును ఇక్కడ విడదీసి చూడాలి. చేదు నాలుక మీద పుట్టే రుచి, ఎక్కువగా కెఫీన్ వల్ల వచ్చేది. వగరు, కాటెచిన్ల వంటి పాలీఫీనాల్స్ లాలాజలంలోని ప్రోటీన్లకు అతుక్కోవడం వల్ల నోటి లోపల పుట్టే బిగువు. మంచి టీలో రెండూ ఉంటాయి, అయితే త్వరగా కరిగిపోతాయి. మింగిన తర్వాత, ఉసిరికాయ నమిలి మంచినీళ్ళు తాగినప్పటిలా, గొంతులోంచి ఒక తీపి తిరిగి పైకి వస్తుంది. చైనాలో టీ రుచిచూసేవారు అన్నిటికంటే ఎక్కువ విలువిచ్చేది ఈ తిరుగు తీపికే. వగరు పోకుండా బుగ్గల లోపల పట్టుకుని ఉంటే, తీపి రాకుండా నోరు ఎండిపోతే, ఆ ఆకులోనో ఆ కాచడంలోనో లోపం ఉన్నట్టే.

అది ఆకు లోపమా, కాచడం లోపమా తేల్చుకోవడానికి ఒక మార్గం ఉంది. పరీక్షకు కాచే పద్ధతి వేరు, తాగడానికి కాచే పద్ధతి వేరు. చైనా జాతీయ ప్రమాణం ప్రకారం బ్లాక్ టీ పరీక్షకు 3 గ్రాముల ఆకును 150 మిల్లీలీటర్ల మరిగే నీటిలో 5 నిమిషాలు ఉంచుతారు. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 3103 ప్రకారమైతే 100 మిల్లీలీటర్లకు 2 గ్రాములు, 6 నిమిషాలు. నిష్పత్తి రెండింటిలోనూ ఒకటే. ఇది టీని ఆస్వాదించే పద్ధతి కాదు, ఆకును ఇబ్బంది పెట్టే పద్ధతి. ఇంత వేడికి, ఇంత సమయానికి పులుపు, పచ్చివాసన, కమురు దాగలేవు. ఇలా కాచినా ఘాటుగా ఉంది కానీ శుభ్రంగానే ఉంది అనిపిస్తే ఆ ఆకు మంచిది. ఇక సమస్యలన్నీ కాచడంలో సరిదిద్దుకోదగినవి. వేడి తగ్గించిన నీళ్ళతో, తక్కువ సమయంతో కాచి మాత్రమే బాగుందనిపించే టీ ధరను మరోసారి ఆలోచించుకోవాలి.

తాగడానికి కాచేటప్పుడు అన్నిటికంటే ముందు పట్టించుకోవలసింది నీళ్ళు. దీన్ని ఎంత గట్టిగా చెప్పినా తక్కువే, ఎందుకంటే మన ప్రాంతంలో ఈ టీ నిరాశపరచిన సందర్భాల్లో చాలావాటికి నీళ్ళే కారణమై ఉంటాయి. వూయీ లోయల్లో రాతి మీదుగా పారే వాగు నీళ్ళు తేలికైనవి, ఖనిజాలు తక్కువ. తెలుగు రాష్ట్రాల్లో చాలా ఊళ్ళలో వాడే బోరు నీళ్ళు కఠిన జలాలు; కెటిల్ అడుగున తెల్లగా గట్టిపడే సున్నపు పొర వాటిలోని కాల్షియం, బైకార్బొనేటులదే. ఆ బైకార్బొనేటు డికాషన్‌లోని స్వల్ప ఆమ్లత్వాన్ని హరించి, ఎరుపును మసక గోధుమకు మారుస్తుంది. చురుకును చంపి రుచిని చప్పగా చేస్తుంది. కప్పు మీద మిలమిలలాడుతూ, కదిపితే పెంకుల్లా విడిపోయే పలుచని తెట్టు కూడా కఠిన జలంలో కాల్షియం, టీ పాలీఫీనాల్స్ కలిసి ఏర్పడేదే. పాలు పోసిన టీలో ఇవేవీ కనబడవు, పొగ లేని టీలో ఇవే ముందు కనబడతాయి. దీనికి పూర్తిగా ఆర్వో నీళ్ళు వాడటం కూడా సరైన విరుగుడు కాదు. ఖనిజాలు దాదాపు లేని నీటిలో వాసన పదునుగా వచ్చినా రుచికి ఒళ్ళు ఉండదు, డికాషన్ పలుచగా తగులుతుంది. లీటరుకు 50 నుంచి 120 మిల్లీగ్రాముల మధ్య కరిగిన లవణాలున్న నీళ్ళు ఈ టీకి బాగా నప్పుతాయి. ఇంట్లో ఆర్వో యంత్రం ఉంటే, అందులోంచి వచ్చిన నీటికి కొద్దిగా మామూలు కుళాయి నీరు కలిపి, కరిగిన లవణాలను కొలిచే, చవకగా దొరికే టీడీఎస్ మీటరుతో చూసుకుంటే సరిపోతుంది. కలిపే నీరు పరిశుభ్రమైనదై ఉండాలి, పూర్తిగా మరగాలి. నదీజలాలు సరఫరా అయ్యే పట్టణాల్లో క్లోరిన్ వాసన ఉంటే నీటిని కాసేపు మూత లేకుండా మరిగిస్తే చాలావరకు పోతుంది.

వేడి విషయంలో 90 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ మంచి మొదలు. నీళ్ళు మరిగాక మంట ఆపి, మూత తీసి ఒకటి రెండు నిమిషాలు ఆగితే దాదాపు ఆ వేడికి వస్తాయి. మొగ్గల వాటా ఎక్కువున్న లేత ఆకుకు 90 దగ్గర, ఆకుల వాటా ఎక్కువున్నదానికి 95 దగ్గర ఉండటం నయం. మొగ్గలు సున్నితమైనవి కాబట్టి వాటిలో కెఫీన్ తక్కువనుకోవడం పొరపాటు. లేత చిగుళ్ళలోనే కెఫీన్ ఎక్కువ. పాత్ర పింగాణీదో గాజుదో అయితే మేలు, ఎందుకంటే అవి వాసన పట్టవు. చైనాలో మూత, పళ్ళెం ఉన్న గైవాన్ అనే పింగాణీ గిన్నె వాడతారు. అది లేకపోతే మూత ఉన్న చిన్న పింగాణీ గిన్నె, సన్నని వడపోత జాలి చాలు. చెంచా కొలత మాత్రం నమ్మదగినది కాదు. మెలిపడిన ఆకు ఒక చెంచాలో 1 గ్రాము పట్టవచ్చు, మరో చెంచాలో 2 గ్రాములు పట్టవచ్చు. రుచి నిన్న ఒకలా, ఇవాళ ఒకలా ఉందనే ఫిర్యాదుకు మూలం తరచుగా ఇదే. గ్రాములో పదో వంతు చూపే చిన్న తూకం ఈ టీకి కెటిల్ తర్వాత అత్యవసరమైన వస్తువు.

110 మిల్లీలీటర్ల గైవాన్‌లో 4 నుంచి 5 గ్రాముల ఆకుతో, చిన్న చిన్న విడతలుగా కాచే పద్ధతిని వివరంగా చూడటం మంచిది, ఎందుకంటే ఈ టీ స్వభావం పూర్తిగా తెలిసేది అందులోనే. మొదటి విడతను 8 నుంచి 10 సెకన్లలో వంచేయాలి. అప్పటికి ఆకు ఇంకా పూర్తిగా విచ్చుకోదు; కప్పులో పూల వాసన, తేలికైన తేనె తీపి తప్ప బరువు ఉండదు. నీళ్ళను నేరుగా ఆకు మీద కొట్టినట్టు కాక గిన్నె అంచు వెంట సన్నగా పోస్తే ఈ విడత మృదువుగా వస్తుంది. రెండో విడత కూడా అంతే సమయం, కానీ ఆకు తడిసి ఉండటం వల్ల రుచి రెట్టింపు అవుతుంది. ఎక్కువమంది సమయం పెంచి ఇక్కడే వగరు తెచ్చుకుంటారు. మూడు, నాలుగు విడతలు ఈ టీకి గుండెకాయ. 15 సెకన్ల దగ్గర పూల వాసన వెనక్కి తగ్గి, పండు వాసన, చిలగడదుంప తీపి, నాలుక మీద నూనెలాంటి నునుపు ముందుకొస్తాయి. ఖాళీ అయిన కప్పును అప్పుడు ముక్కు దగ్గర పెట్టుకుంటే, చల్లారుతున్న పింగాణీకి అంటుకున్న తేనె వాసన డికాషన్‌లో కన్నా గాఢంగా తెలుస్తుంది. ఐదో విడత నుంచి ప్రతిసారీ 10 నుంచి 20 సెకన్లు పెంచుకుంటూ పోవాలి. ఏడు, ఎనిమిది విడతల దాకా తీపి నిలిస్తే ఆకు గట్టిది. రంగు ఉండి రుచి లేని నీళ్ళు నాలుగో విడతకే వస్తే, అది యంత్రపు కోతో, బాగా విరిగిన ఆకో అయి ఉంటుంది. అన్నీ అయ్యాక ఉడికిన ఆకును పళ్ళెంలో పరిచి చూడాలి. రాగి రంగులో, మెత్తగా, వేళ్ళ మధ్య సాగేలా ఉంటే పని సరిగా జరిగినట్టు. నల్లగా, విచ్చుకోకుండా, గట్టిగా ఉంటే చివరి వేడి ఎక్కువైనట్టు. పచ్చని మచ్చలుంటే ఆక్సీకరణ సమంగా సాగనట్టు.

అంత తీరిక లేని రోజు 2.5 గ్రాముల ఆకును 200 మిల్లీలీటర్ల నీటిలో 3 నిమిషాలు ఉంచి, పూర్తిగా వడకట్టి తాగవచ్చు. ఆకును కప్పులోనే వదిలేయకూడదు. వదిలేస్తే అడుగుకు చేరేసరికి చేదు తప్ప ఏమీ ఉండదు. పొయ్యి మీద నీళ్ళలో ఆకు వేసి మరిగించడం మాత్రం ఈ టీకి ఏ విధంగానూ తగదు.

చల్లారిన కప్పును పారబోయకుండా గమనించడం రుచి చూసేవారికి మంచి అలవాటు. వేడిగా ఉన్నప్పుడు నోటికి తెలియని పులుపు, పచ్చిదనం, చల్లారాక నిలదీసినట్టు కనబడతాయి. మంచి టీ చల్లారాక కూడా తియ్యగానే ఉంటుంది. గాఢంగా కాచిన డికాషన్ బాగా చల్లబడ్డాక మసకబారి, మీగడ కలిపినట్టు అవడం కొందరిని కంగారు పెడుతుంది. థియాఫ్లేవిన్లు, కెఫీన్ ఒకదానికొకటి అతుక్కుని, చల్లటి నీటిలో కరగలేక పేరుకోవడం వల్ల అలా అవుతుంది. మళ్ళీ వేడి చేస్తే తేటపడుతుంది. మసక వేడిలో పోతే అది ఆకులోని సత్తువకు గుర్తు, వేడిలో కూడా పోకపోతే నీటినో ఆకునో అనుమానించాలి.

పోలిక కోసం పక్కన పెట్టుకోదగిన టీలు కొన్ని ఉన్నాయి. అన్‌హ్వేయ్ రాష్ట్రపు కీమున్ కూడా పొగ లేని చిన్నాకు టీయే. దానిలో పొడి పూల వాసన, సన్నని పదును ఎక్కువ, ఒళ్ళు తక్కువ. యునాన్‌లో 1939 ప్రాంతంలో మొదలైన దియన్‌హోంగ్ పెద్దాకు రకానిది. మిరియపు ఘాటు, బరువు ఎక్కువ. మనకు చేరువలో చెప్పుకోవలసినది డార్జిలింగ్. ఈస్టిండియా కంపెనీ తరఫున రాబర్ట్ ఫార్చ్యూన్ 1849లో వూయీ కొండల దాకా వెళ్ళి, 1851లో చైనా మొక్కలతో, పనివారితో కలకత్తా చేరాడు; హిమాలయపు అడుగు కొండల తోటలకు ఆ మొక్కలు వెళ్ళాయి. డార్జిలింగ్ పాత తోటల్లోని చైనా రకం పొదలు ఇదే చిన్నాకు జాతివి. అయినా రుచి పూర్తిగా వేరు. డార్జిలింగ్ మొదటి కోతను గట్టిగా వాడ్చి, ఆక్సీకరణను మధ్యలోనే ఆపేస్తారు కాబట్టి పచ్చదనం, పదును మిగులుతాయి. రెంటినీ ఒకే నీటితో, ఒకే తూకంతో పక్కపక్కన కాచి తాగితే, రుచిలో మొక్క పాత్ర ఎంతో, చేతిపని పాత్ర ఎంతో విడివిడిగా తెలుస్తుంది.

కొనేటప్పుడు పేరును కాక వివరాన్ని చూడాలి. తొంగ్‌మూ లోయ చిన్నది, కోత ఏడాదికి ఒక్కటి. ఆ పేరుతో మార్కెట్లో కనబడే సరుకంతా అక్కడిదే కావడం అసాధ్యం. కోసిన సంవత్సరం, ఋతువు, ఊరు, పొగ ఉన్నదీ లేనిదీ స్పష్టంగా రాసిన అమ్మకందారు దగ్గర ముందు 10 లేదా 20 గ్రాములు తెప్పించుకుని, పరీక్ష పద్ధతిలో ఒకసారి, విడతల పద్ధతిలో ఒకసారి కాచి చూశాకే ఎక్కువ కొనడం మంచిది. ఫుజియాన్‌లోనే ఇతర జిల్లాల్లో తయారై, ఉన్న పేరుతో నిజాయితీగా అమ్మే పొగ లేని బ్లాక్ టీలు చాలాసార్లు పెట్టిన డబ్బుకు ఎక్కువ రుచినిస్తాయి. కొత్తగా ఆరిన టీలో కొన్ని వారాలపాటు వేడి వాసన మిగిలి ఉంటుంది, నోరు ఎండబెడుతుంది. అలాంటప్పుడు డబ్బా మూసి రెండు మూడు నెలలు పక్కన పెడితే సర్దుకుంటుంది. దాచడంలో మన వంటిళ్ళే పెద్ద ప్రమాదం. పొగ వాసన లేని ఆకు పక్కనున్న ప్రతి వాసననూ పీల్చుకుంటుంది. ఇంగువ, ధనియాల పొడి, కాఫీపొడి ఉన్న అలమరలో వారం ఉంచినా తేడా తెలుస్తుంది. విశాఖ, కాకినాడ వంటి తీరపు ఊళ్ళ తేమలో ఈ జాగ్రత్త ఇంకా అవసరం. గాలి చొరని అల్యూమినియం రేకు సంచిలో పెట్టి, దాన్ని మూత బిగువైన డబ్బాలో వేసి, వంటింటికి దూరంగా, వెలుతురు తగలని చోట ఉంచి, తెరిచిన సంచిని కొద్ది నెలల్లో వాడేయాలి.